మనాలీ నుంచి లేహ్‌కి, సీటు కింద జానెడు చోటుతో

అడ్వెంచర్ బైక్ సీటు మొదటిసారి తీసి చూసినవాళ్లకి కాస్త నిరాశే ఎదురవుతుంది. ఎత్తు చూస్తే అంత బండి, సీటు కింద ఖాళీ మాత్రం జానెడు. హోండా యాక్టివా డిక్కీలో 18 లీటర్ల చోటుంటుంది. దానికంటే బరువూ పొడవూ చాలా ఎక్కువైన ఈ బండిలో కంపెనీ ఇచ్చిన టూల్ కిట్ సర్దాక చేతి గ్లవ్స్ జత కూడా సరిగా పట్టదు.

దీనికి కారణం సస్పెన్షనే. స్కూటర్‌కి వెనక చక్రం చిన్నది, గుంటలో పడ్డప్పుడు అది పైకి లేచే దూరమూ తక్కువే. అందుకని సీటు కింద మిగిలిందంతా డిక్కీ చేసేయొచ్చు. రాళ్ల దారుల కోసం కట్టిన బండికి వెనక చక్రం 200 మిల్లీమీటర్ల దాకా పైకి రావాలి. అంత ఖాళీ చక్రానికి వదిలాక మిగిలిన దాంట్లోనే బ్యాటరీ, ఫ్యూజు పెట్టె, వైర్ల కట్టలు, కొన్ని బండ్లలో ఎయిర్ ఫిల్టర్ కూడా ఇరుక్కోవాలి. కేటీఎం 790 అడ్వెంచర్‌కి ఫిల్టర్ సీటు కిందే ఉంటుంది. బీఎండబ్ల్యూ పాత ఎఫ్ 800 జీఎస్‌కైతే పెట్రోల్ ట్యాంకే అక్కడుండేది. హోండా ఎన్‌సీ750ఎక్స్ ఇంకో దారి పట్టింది: ట్యాంకుని వెనక సీటు కిందికి పంపి, మామూలుగా ట్యాంకు ఉండే చోట హెల్మెట్ పట్టే డిక్కీ పెట్టింది. అలాంటి బండ్లు అరుదు. మనలో ఎక్కువమందికి దక్కేది ఆ జానెడే.

ఈ జూలైలో నేనూ మా బావా మనాలీ నుంచి లేహ్ దాకా వెళ్లాం. ఆ దారిలోని కనుమల గురించీ సరస్సుల గురించీ రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఈ జానెడు చోటు గురించి. మెకానిక్ దొరకని దారిలో అందులో ఏం పెట్టుకున్నామన్నది ఎంత తేడా తెస్తుందో రోజూ చూస్తూనే వెళ్లాం.

మనాలీలో, బయల్దేరే ముందు సాయంత్రం

బస చేసిన చోట వెనక ఖాళీ స్థలంలో రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టి సీట్లు తీశాం. నాది 450 సీసీ తరగతి బండి. తాళం తిప్పితే ముందు వెనక సీటు వస్తుంది, అది తీశాక నడిపేవాళ్ల సీటు వస్తుంది. బావ బండికి ఒకే పొడవాటి సీటు, తాళం పక్కన. రెండింటికీ ఒకటే ఇబ్బంది: టెయిల్ బ్యాగు సీటు మీదే కట్టాలి, కట్టాక సీటు తియ్యాలంటే బ్యాగు దించాల్సిందే.

ఏది ఎక్కడ పెట్టాలో తేల్చేది ఈ ఇబ్బందే అని నా నమ్మకం. సామాను దించితే తప్ప చెయ్యి చేరని చోటు కాబట్టి, సీటు ఎలాగూ తియ్యాల్సి వచ్చే పనులకి కావాల్సినవే అక్కడుండాలి. కరెంటు పనులన్నీ అలాంటివే. బ్యాటరీ అక్కడే, ఫ్యూజులూ అక్కడే. కాబట్టి వాటి పానాలు, టేపు, విడి ఫ్యూజులు సీటు కింద. పంక్చర్ సంగతి వేరు. అది ఎప్పుడైనా పడుతుంది, చీకట్లో పడుతుంది, వర్షంలో పడుతుంది. దాని సామాను బయటే ఉండాలి.

నేను సర్దిన వరస ఇది. బ్యాటరీ పక్క సందులో, పాత బనియన్ గుడ్డలో చుట్టిన 10 నంబరు పానా, చిన్న స్క్రూడ్రైవర్, ఎలన్ కీలు. గుడ్డ చుట్టడం చప్పుడు రాకుండా ఉండటానికే అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది: చుట్టని పానా రోజంతా అదురుతూ వైరు మీద రాసుకుంటే, సాయంత్రానికి దాని తొడుగు అరిగి రాగి బయటపడుతుంది. ఇనుము, రాగి, బ్యాటరీ మూడూ ఒక్కచోట చేరాక జరిగేది వేరే చెప్పక్కర్లేదు. ఆ పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బీలో ఫ్యూజులు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఏ కంపెనీ తయారుచేసినా రంగులు ఇవే. తర్వాత ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, మూరెడు రాగి తీగ, ఎంసీల్, చైన్‌కి క్లిప్ రకం లింకు ఒకటి. వెనక భాగంలో సన్నగా పొడుగ్గా మిగిలిన చోట క్లచ్ లివర్, బ్రేక్ లివర్. అవి ఆ సందు కోసమే చేసినట్టు పడతాయి.

క్లచ్ వైరుకి అసలు చోటే అక్కర్లేదు. విడి వైరుని పాత వైరు పక్కనే, అదే దారిలో లాగి జిప్ టైలతో కట్టేశాను. పాతది తెగితే రెండు కొసలూ మార్చుకోవడమే. దారిలో ట్యాంకు ఊడదీసే పని తప్పుతుంది.

మందులు అక్కడ పెట్టకూడదని బావకి చెప్పాల్సి వచ్చింది. సైలెన్సర్ ఆ పక్క నుంచే పోతుంది. నెమ్మదిగా ఎక్కే ఘాట్‌లో, ఇంజిన్ వేడి వెనక్కి తగిలేటప్పుడు, సీటు కింద చెయ్యి పెడితే మాత్రలు దాచుకునే చోటు కాదని ఎవరికైనా తెలుస్తుంది. పవర్ బ్యాంకు, చైన్ స్ప్రే డబ్బా కూడా అంతే, వేడికి దూరంగా ఉండాల్సినవి. మందులు జాకెట్ జేబులోకి, పవర్ బ్యాంకు ట్యాంక్ బ్యాగులోకి వెళ్లాయి.

పంక్చర్ సామానంతా, అంటే టైర్ లివర్లు, 21 అంగుళాల ట్యూబు, ప్యాచీలు, చేతి పంపు, యాక్సిల్ నట్టు పానా, ఇంజిన్ ముందు క్రాష్ గార్డుకి బిగించిన గొట్టం లాంటి టూల్ డబ్బాలో పెట్టాను. ముందు చక్రం ట్యూబు ఒక్కటే తీసుకోవడానికి కారణం ఉంది. 21 అంగుళాల ట్యూబుని అవసరానికి వెనక టైర్లో మడతపెట్టి ఎక్కించి నెమ్మదిగా పోవచ్చు. వెనక ట్యూబుని ముందు టైర్‌కి సాగదీయడం కుదరదు.

"నీ సీటు కింద ఇంకా ఖాళీ ఉందిగా, ఏదో ఒకటి పెట్టు" అన్నాడు బావ.

"ఉండనీ బావా, దారిలో ఏదో ఒకటి వచ్చి చేరుతుంది" అన్నాను.

మొదటి రోజు: మనాలీ నుంచి జిస్పా

పొద్దున్నే అటల్ టన్నెల్. 9.02 కిలోమీటర్ల పొడవు. 2020 అక్టోబర్‌లో తెరిచారు. రోహ్‌తాంగ్ కనుమ మీద బురదలో గంటలు గడిపే పని తప్పింది, మనాలీ-లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. అవతలి ముఖంలోంచి బయటపడగానే చెట్లు పలచబడి లాహౌల్ లోయ మొదలవుతుంది. గాలి తేమ ఒక్కసారిగా తగ్గడం పెదాలకి తెలుస్తుంది.

చంద్రా, భాగా నదులు కలిసే తాండీ దగ్గర పెట్రోల్ బంకు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని రాసిన బోర్డు ముందు ప్రతి బండీ ఆగి ఫొటో దిగుతుంది. నిజానికి లేహ్‌కి కాస్త ముందు కారూలో కూడా బంకు ఉంది, అయినా 300 పైన లెక్క వేసుకోవాల్సిందే. నా ట్యాంకు 17 లీటర్లు. లీటరుకి 25 వచ్చినా 400 దాటుతుంది. బావ ట్యాంకు చిన్నది, కాబట్టి పక్క ఫ్రేముకి ఐదు లీటర్ల క్యాన్ కట్టాం. ఆ క్యాన్ కట్టిన పక్కనే అతని సీటు తాళం ఉంది. తాళం చెవి పెట్టాలంటే క్యాన్ పట్టీ వదులు చెయ్యాలి. దాన్ని అప్పుడే అటు పక్కకి మార్చి కట్టుకున్నాం. ఇలాంటివి పెట్రోల్ బంకులో తేలితే అయిదు నిమిషాల పని, కనుమ మీద తేలితే గంట.

మధ్యాహ్నానికే జిస్పా. ఇంకా ముందుకి పోగలిగేవాళ్లమే కానీ, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలని ఆగిపోయాం. సాయంత్రం చేసిన పని ఒక్కటే: బండి కాగితాలు బావ సీటు కింద నుంచి తీయించడం. డిజిలాకర్‌లో చూపే లైసెన్సు, ఆర్‌సీలని అసలు కాగితాలతో సమానంగా ఒప్పుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకి చెప్పింది. కానీ సిగ్నల్ లేని లోయలో డిజిలాకర్ తెరుచుకోదు. కాగితాలు ఉండాలి, అదీ చేతికందేలా ఉండాలి.

రెండో రోజు: జిస్పా నుంచి సర్చూ

దర్చాలో చెక్ పోస్టు. గుర్తింపు కార్డు చూపించి, బండి నంబరు రాయించుకుని కదలాలి. మాకంటే ముందున్న నలుగురి గుంపులో ఒకాయన కాగితాల కోసం బంగీ తాళ్లన్నీ విప్పి, బ్యాగులు రోడ్డు మీద పరిచి, సీటు ఊడదీస్తున్నాడు. బావ నా వైపు చూసి ఏమీ అనకుండా జేబులోంచి కాగితాలు తీశాడు.

ఈ దారిలో వాగుల దగ్గర సమయం ముఖ్యం. ఎండెక్కిన కొద్దీ పైన మంచు కరిగి, పొద్దున మడమ తడవని చోట మధ్యాహ్నానికి మోకాలి దాకా నీళ్లొస్తాయి. అందుకే తెల్లవారుతూనే బయల్దేరి జింగ్‌జింగ్ బార్ దాటేశాం. పైన సూరజ్ తాల్ సరస్సు, భాగా నది పుట్టే చోటు. ఆ రంగు నీళ్లు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ పైనే బారాలాచా కనుమ, సుమారు 4,890 మీటర్లు. అవతల భరత్‌పూర్ దిగేటప్పుడు అసలు వాగులు తగిలాయి. రోడ్డు మీదే పారుతుంటాయి, కింద గుండ్రాళ్లు. మొదటి గేరులో, చూపు అవతలి గట్టు మీదే నిలిపి దాటాలి. నీళ్లు చక్రంలో సగం దాకా వచ్చాయి.

సర్చూ చేరాక, టెంటు ముందు, సామాను దించిన వేళే సీట్లు తీసి చూశాం. వాగులో బండి మునగలేదు, పై నుంచి వాన పడలేదు. అయినా లోపల తడే. వెనక చక్రం విసిరిన నీళ్లు లోపలి మడ్‌గార్డు అంచు పక్క నుంచి ఎక్కుతాయి. సీటు ఎంత గట్టిగా బిగిసినా అది మూత కాదు, కింద నుంచి రావడానికి దారులు చాలా ఉంటాయి. నా బండిలో బ్యాటరీ చుట్టూ సన్నటి ఇసుక పేరుకుంది, నీరు కింది రంధ్రం గుండా పోయింది. బావ చప్పుడు రాకుండా అడుగున నురగ షీటు పరిచాడు. మంచి ఆలోచనే, అతని బండి రెండు రోజులూ లోపల కిక్కురుమనలేదు. కానీ నీరు పోయే రంధ్రం షీటు కింద పడిపోయి, ఒక మూల నీళ్లు నిలిచాయి. చాకుతో షీటుకి రంధ్రం మేరకి గుండ్రంగా కోశాం. నురగ పరిచేవాళ్లు ముందు కింద రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి కోసుకుంటే ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంకో విచిత్రం అక్కడే చూశాం. సీటు మళ్లీ పెట్టి నొక్కితే నాది టక్కున పడలేదు. ఎంత నొక్కినా ఒక పక్క లేచే ఉంది. తీసి చూస్తే, టేపులూ జిప్ టైలూ పెట్టిన జిప్‌లాక్ కవర్లు రెండూ దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. మనాలీ 2,050 మీటర్లు, సర్చూ దాదాపు 4,300. కింద మూసిన గాలి అలాగే లోపలుంది, బయట ఒత్తిడి తగ్గింది, కవరు బిగదీసింది. జిప్పు ఒక మూల తెరిస్తే బుస్సుమంది. గాలంతా పిండి మళ్లీ మూశాక సీటు మామూలుగా పడింది. రబ్బరు సొల్యూషన్ ట్యూబూ అంతే, మూత తిప్పగానే దానంతటదే బయటికి ఉరికింది. ఎత్తు మీద దాన్ని తెరిచేటప్పుడు మూతి పైకి పెట్టి, మెల్లగా తిప్పాలి. లేకపోతే ప్యాచ్ వెయ్యాల్సిన జిగురంతా వేళ్ల మీదే ఉంటుంది.

రాత్రి విపరీతమైన చలి. పడుకునే ముందు నేను బ్యాటరీ టెర్మినళ్లు రెండూ 10 నంబరు పానాతో ఒకసారి బిగించి వచ్చాను. రాళ్ల దారిలో అవి వదులవడం మామూలే. చలికి బ్యాటరీ ఎలాగూ మందగిస్తుంది, దానికి వదులు టెర్మినల్ కూడా తోడైతే పొద్దున స్టార్టర్ 'టక్ టక్' మని ఊరుకుంటుంది.

మూడో రోజు: సర్చూ నుంచి పాంగ్

దూరం తక్కువే. పని ఎక్కువ పట్టిన రోజు ఇదే.

పొద్దున ఆకాశం తేటగా ఉంది. బావ రెయిన్ ప్యాంటు విప్పి, మళ్లీ వాన వస్తే వెంటనే అందాలని చుట్ట చుట్టి సీటు కింద ముందు భాగంలో దోపాడు. ఆ తర్వాత గాటా లూప్స్ మొదలయ్యాయి. 21 మలుపులు, ఒకదాని మీద ఒకటి, కొండ ముఖాన గీతలు గీసినట్టు.

సగం పైకెక్కాక ఒక మలుపులో బండి పక్కకి ఆపి ఒక కుర్రాడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ముందు టైరు పంక్చర్. ట్యూబు, లివర్లు, పంపు అన్నీ ఉన్నాయి, సీటు కింద. సీటు మీద పెద్ద బ్యాగు, దాని మీద టెంటు, దాని మీద స్లీపింగ్ బ్యాగు, అన్నిటినీ కలిపి నైలాన్ తాడుతో ముళ్లు వేసి కట్టాడు. ఆ ఎత్తులో నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం. ముళ్లు విప్పీ విప్పీ అలిసిపోయి కూర్చున్నాడు. తాడు కోద్దామంటే మళ్లీ కట్టడానికి ఇంకో తాడు లేదు.

నా టూల్ డబ్బా మూత తిప్పి లివర్లూ ప్యాచీలూ తీయడం ఒక్క నిమిషం పని. కదలని రాయి చూసి బండిని దానికి ఆనించి, ముందు చక్రం లేపాం. అతను చక్రం ఊడదీశాడు, బావ టైరు ఒక అంచు విప్పాడు, నేను ట్యూబు తీసి గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకున్నాను. గాలి హోరులో చిల్లు చప్పుడు వినపడదు, చర్మానికి తగిలే చల్లదనంతోనే తెలుస్తుంది. ప్యాచీ వేసే ముందు టైరు లోపల చెయ్యి తిప్పి ముల్లు ఇంకా ఉందేమో వెతకాలి. ఉంది, సన్నటి ఇనుప తీగ ముక్క. అది తియ్యకుండా ఉంటే ఇంకో మలుపు దాటేసరికి మళ్లీ అదే కథ. మొత్తం పని ముప్పావు గంటలోపే అయింది. కిందకెళ్లాక పంక్చర్ సామాను ట్యాంక్ బ్యాగులోకి మార్చుకుంటానన్నాడు. మేం ఉన్నంతసేపట్లోనే మార్చుకుంటే బాగుంటుందని, ఆ ముళ్లు ముగ్గురం కలిసి విప్పి, మార్చించి, పట్టీలతో కట్టించి పంపాం.

ఆ తర్వాత బావ బండి మొదలుపెట్టింది. నకీ కనుమ ఎక్కుతుంటే రెండో గేరు లాగడం లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా గొంతు పట్టేసినట్టు మూలుగుతోంది. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గరున్న దానిలో ఇంచుమించు సగమే, ప్రతి బండీ నీరసపడుతుంది, నాదీ పడింది. కాబట్టి ఎత్తు వల్లేనని ఇద్దరం అనుకున్నాం. కానీ ఇద్దరివీ దగ్గర దగ్గర శక్తి ఉన్న బండ్లే, ఒకే రోడ్డు, ఒకే ఎత్తు. నాది మూడో గేరులో పోతుంటే అతనిది మొదటి గేరుకి దిగుతోంది. అంత తేడా ఎత్తు వల్ల రాదు.

విస్కీ నాలా లోయలోకి దిగాక ఆపాం. పెట్రోల్ చూశాం, బాగుంది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఏదీ లేదు. "సీటు తీసి చూద్దాం బావా, ఫిల్టర్ దుమ్ము పట్టిందేమో" అన్నాను. టెయిల్ బ్యాగు దించి, తాళం తిప్పి, సీటు లేపాం. ఫిల్టర్ దాకా పోనక్కర్లేకపోయింది. అతని బండికి ఎయిర్ బాక్స్, అంటే ఫిల్టర్ ఉండే పెట్టె, గాలి పీల్చే మూతి సీటు కింద ముందు భాగంలోనే ఉంది, మూడు వేళ్లు పట్టేంత నల్లటి ప్లాస్టిక్ నోరు. పొద్దున దోపిన రెయిన్ ప్యాంటు చుట్ట వదులై, దాని ఒక కాలు ఆ నోటికి అతుక్కుని ఉంది. ఇంజిన్ లోపలికి లాగుతున్న కొద్దీ గుడ్డ బిగుసుకుంటోంది. చేత్తో లాగితే కొద్దిగా పట్టుకుని మరీ వదిలింది.

ప్యాంటు తీసి, అలాగే స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పితే గొంతు మారిపోయింది. లాచుంగ్ కనుమ రెండో గేరులో హాయిగా ఎక్కేశాడు.

ఈ విషయం బండి కొన్నప్పుడు ఎవరూ చెప్పరు, కానీ సీటు కింద ఒక్క గుడ్డ ముక్క పెట్టే ముందైనా తెలుసుకోవాల్సింది ఇదే: మన బండి గాలి ఎక్కడి నుంచి పీల్చుకుంటుంది? సీటు తీసి, టార్చి వేసి, ఆ మూతిని ఒకసారి కళ్లారా చూసుకోవాలి. దాని చుట్టూ జానెడు మేర ఏదీ ఉండకూడదు. ఖాళీగా కనిపించే ప్రతి సందూ మన కోసం వదిలింది కాదు, కొన్ని బండి ఊపిరి కోసం వదిలినవి. కింద మైదానంలో అయితే బండి కాస్త బద్ధకంగా ఉందనుకుని ఊరుకుంటాం, గాలి పలచనైన చోటే దాని బాధ బయటపడుతుంది.

పాంగ్‌లో ఆగిపోయాం. 4,600 మీటర్ల ఎత్తులో నిద్ర సరిగా పట్టదు. తలనొప్పి ఇద్దరికీ ఉంది.

నాలుగో రోజు: పాంగ్ నుంచి లేహ్

మోరే మైదానాలు. దాదాపు 40 కిలోమీటర్ల సమతలం, రెండు పక్కలా కొండలు దూరంగా. రోడ్డు చాలా భాగం బాగుంది. మధ్యలో పని జరుగుతున్న చోట్ల పక్క దారిలోకి మళ్లించారు. ఆ దారి అలల్లా గట్లు కట్టి ఉంది. ముందు పోయే లారీ లేపిన దుమ్ము పిండిలా మెత్తన, బట్టల మడతల్లో, జిప్పుల్లో, గొంతులో చేరుతుంది. ఆ గట్ల మీద బండి అదిరే తీరుకి లోపల వదులుగా ఉన్నదేదీ వదులుగా ఉండి బతకదు.

టంగ్‌లాంగ్ కనుమ, 5,328 మీటర్లు. ఎక్కాం, ఫొటో దిగాం, ఎక్కువసేపు ఉండకుండా దిగడం మొదలుపెట్టాం. రెండో మలుపులో ఎదురుగా సైన్యం లారీల వరస వస్తుంటే హారన్ నొక్కాను, పలకలేదు. మళ్లీ నొక్కాను, లేదు. ఫాగ్ లైట్లు కూడా ఆరిపోయి ఉన్నాయి. గుడ్డి మలుపులున్న ఘాట్‌లో హారన్ లేకుండా దిగడం నాకు ఇష్టం లేదు. వెడల్పు దొరికిన చోట ఆపాం.

టెయిల్ బ్యాగు పట్టీలు రెండు, సీట్లు రెండు. ఫ్యూజు పెట్టె మూత మీద ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. హారన్‌ది 10 ఆంపియర్లు, ఎర్రది. పెట్టెలోనే ఇచ్చిన చిన్న పట్టకారుతో లాగి ఎండకి ఎదురుగా పట్టుకుంటే, పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల వంపు తిరిగిన తీగ మధ్యలో తెగి, చుట్టూ నల్లటి మరక. డబ్బీలోంచి ఇంకో ఎర్రది తీసి పెట్టడానికి అరనిమిషం. కానీ ఫ్యూజు ఊరికే పోదు. దాన్ని పోగొట్టింది ఏమిటో చూడకుండా కొత్తది పెడితే అదీ పోతుంది, ఆ కోపంలో ఎక్కువ ఆంపియర్లది పెడితే వైరే కాలుతుంది. ఆకుపచ్చ ఫ్యూజు పెట్టి నడిపించేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

ఫాగ్ లైట్ల వైరు వెంట వేలు నడిపిస్తూ పోయాను. దాన్ని బిగించిన మెకానిక్ హారన్ వైరు నుంచే కరెంటు తీసుకుని, సీటు ఆనే ఫ్రేము పట్టీ మీదుగా లాగాడు. సీటు అడుగున రబ్బరు బొడిపెలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి సరిగ్గా ఆ వైరు మీద కూర్చుంటోంది. నేను కూర్చున్న ప్రతిసారీ, ప్రతి గుంటలోనూ అక్కడ నలిగింది. మోరే గట్ల మీద తొడుగు పూర్తిగా చిట్లింది. గింజంత మేర రాగి మెరుస్తూ ఫ్రేముకి తగులుతోంది. ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, వైరుని పట్టీ లోపలి వైపుకి మార్చి, రెండు జిప్ టైలతో బిగించి, కొసలు కత్తిరించాను. ఫ్యూజు పెట్టి హారన్ నొక్కితే కొండంతా మోగింది. బావ చెవులు మూసుకున్నాడు.

ఇక్కడ సామాను దించాల్సి వచ్చినందుకు నాకు ఏ బాధా లేదు. ఎలాగూ సీటు తియ్యాల్సిన పని, దానికి కావాల్సినవన్నీ సీటు తియ్యగానే చెయ్యి కింద ఉన్నాయి. టేపు ఒక బ్యాగులో, ఫ్యూజులు ఇంకో బ్యాగులో, కత్తెర ఎక్కడో ఉండి ఉంటే ఆ గాలిలో అన్నిటినీ వెతుక్కునేవాళ్లం.

రుమ్‌సే దాటాక పచ్చదనం, ఉప్షీ దగ్గర సింధు నది. కారూలో పెట్రోల్ పోయించుకున్నాం. బావ క్యాన్ ముట్టుకునే అవసరమే రాలేదు. చీకటి పడకముందే లేహ్.

లేహ్‌లో

మర్నాడంతా విశ్రాంతి. మధ్యాహ్నం రెండు సీట్లూ పూర్తిగా ఖాళీ చేశాం. బ్యాటరీ పట్టీ కిందా, ఫ్యూజు పెట్టె మూత అంచునా సన్నటి దుమ్ము పొర. దాన్ని నీళ్లతో కడగకూడదు, కనెక్టర్లలోకి పోతుంది. పెయింటు బ్రష్షుతో దులిపి, పొడి గుడ్డతో తుడిచాం. పానా చుట్టిన బనియన్ గుడ్డ ఒక మడత దగ్గర అరిగి చిల్లు పడింది. అది పారేసి కొత్త గుడ్డ చుట్టాను. నీళ్లు పోయే రంధ్రాల్లో పుల్ల పెట్టి తిప్పి, ఇరుక్కున్న ఇసుక రాల్చాం.

బావ తన సీటు కింద సగం సామాను తీసేశాడు. రెయిన్ ప్యాంటు టెయిల్ బ్యాగు పై జేబులోకి వెళ్లింది. గాలి మూతి చుట్టూ పెయింటుతో పసుపు గీత గీసుకున్నాడు, ఆ గీత లోపల ఏదీ పెట్టకూడదని. నా ఫ్యూజుల్లో రంగుకి రెండు చొప్పున తీసుకున్నాడు. నేను 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కోసం బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరు ఒకటి లాగి, కొస సీటు పక్కన బయటికి ఉండేలా వదిలాను. ఇకమీదట టైర్లలో గాలి నింపడానికి సీటు తియ్యక్కర్లేదు.

ఇంకో పని కూడా చేశాం. ఒక చిన్న కాగితం మీద లోపల ఏమేమి ఉన్నాయో, ఏ ఫ్యూజు దేనిదో తెలుగులో, పక్కనే హిందీలో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు అడుగున అతికించాం. రేపు ఖార్దుంగ్ కనుమ మీద నా చేతులు చలికి కొంకర్లు పోతే, సాయానికి ఆగినవాళ్లెవరైనా అది చదువుకుని కావాల్సింది తీసుకోగలగాలి.